సమాచార తటాకములు

వాననీరు, వాగునీరు, ఊటనీరు అన్నియు ఊరి చెరువులో చేరును. ఏ నీరు ఏ మడికి పారవలెనో చేరునపుడే ఎవరును నిర్ణయింపరు. అవసరము కలిగినపుడు తూము తెరచి వాడుకొందురు. నేడు వ్యాపార సంస్థలు తమ సమాచారమును దాచుకొనుటకు ఇట్టి పద్ధతినే అవలంబించుచున్నవి. దీనినే ‘డేటా లేక్’ అందురు. పెంటహో అను సంస్థకు చెందిన జేమ్స్ డిక్సన్ 2010లో ఈ పేరును వాడుకలోనికి తెచ్చెను. మనము దీనిని సమాచార తటాకము అనవచ్చును.

శ్రీకాకుళం జిల్లాలోని పలాస-కాశీబుగ్గ జీడిపప్పు పరిశ్రమకు ప్రసిద్ధి. ఉద్దానపు తోటల పిక్కలే గాక ఆఫ్రికా దేశముల పిక్కలును ఇచటికి వచ్చును. ఇట్టి కర్మాగారము నొకదానిని ఊహించుకొందము. కొనుగోలు చీటీలు, కాటా రసీదులు, తేమ పరీక్షల ఫలితములు, పనివారి హాజరు పట్టీలు, లారీ బిల్లులు, ఫోనులో తీసిన ఛాయాచిత్రములు - ఇవన్నియు సమాచారమే. వీనిలో కొన్ని పట్టిక గడులలో ఇముడును, కొన్ని ఇమడవు.

పూర్వపద్ధతిలో మొదట గడులు గీసి, వానిలో పట్టునది మాత్రమే వ్రాయుదురు. దీనికి సమాచార గిడ్డంగి అని పేరు. నిత్యము అడుగు ప్రశ్నలకు ఇది చాలును. కాని రేపు ఏ ప్రశ్న పుట్టునో నేడు తెలియదు కదా! గడిలో పట్టలేదని పారవేసినది మరల దొరకదు. తటాకములో సమాచారమును వచ్చిన రూపముననే నిలువచేసి, చదువునపుడు మాత్రమే గడులు గీయుదురు. రెండింటికిని గల ముఖ్యభేదము ఇదియే.

ఈ తటాకము ఎక్కడ ఉండును? ‘క్లౌడ్’ అనగా ఆకాశములోని మేఘము కాదు. వేలకొలది కంప్యూటర్లు గల పెద్ద భవనములను కొన్ని సంస్థలు నిర్వహించుచు, వానిలోని చోటును అద్దెకు ఇచ్చును. అమెజాన్ సంస్థ ఇట్టి నిలువ సౌకర్యమును 2006లో ప్రారంభించినది. 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతమునను తన కేంద్రములను తెరచినది.

దీనివలని లాభము తీరవాసులకు తేలికగా బోధపడును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానపు తీరమును తాకి కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినది. అట్టి సమయమున లెక్కలన్నియు కొట్టులోని ఒక్క కంప్యూటరులోనే ఉన్నచో, ఒక్క రాత్రిలో అవి నశింపవచ్చును. క్లౌడ్‌లో ఒకే దస్త్రపు ప్రతులను వేరువేరు భవనములలో ఉంచుదురు. ఒకటి చెడినను మరియొకటి మిగులును. అయితే మనమే పొరపాటున చెరిపివేసినచో ప్రతులన్నియు చెరిగిపోవును. కావున పాత ప్రతులను కూడ కొంతకాలము నిలిపియుంచు ఏర్పాటును చేసికొనవలెను.

పూడిక తీయని చెరువు మడుగగును. సమాచార తటాకమునకును ఇదే గతి పట్టవచ్చును. ఒక గుమాస్తా ‘100’ అని వ్రాసినాడు. అది 100 క్వింటాళ్లా? 80 కిలోల బస్తాలు నూరా? అతడు ఉద్యోగము మానిన పిమ్మట చెప్పువారుండరు. అందుచే ప్రతి దస్త్రమును ఎవరు, ఎప్పుడు తెచ్చిరో, దాని కొలమానమేమో తెలుపు సూచిక అవసరము. నిర్వాహకులు సాధారణముగా మూడు అంచెలు ఏర్పరతురు. మొదటి అంచెలో వచ్చినది వచ్చినట్లుండును. దానిని ఎవరును దిద్దరాదు. రెండవ దానిలో తప్పులు సవరించినది, మూడవ దానిలో ప్రశ్నలకు సిద్ధపరచినది ఉండును. ఫలితముపై సందేహము కలిగినచో మొదటి అంచెకు తిరిగి పోయి పరీక్షింపవచ్చును.

ఇక విశ్లేషణ. ఒక పట్టికలో సమానమైన నిడివి గల 20 నిలువు వరుసలు కలవనుకొనుడు. మనకు కావలసినవి ‘ఊరు’, ‘పప్పు దిగుబడి’ అను రెండే. వరుసలను దేనికది విడిగా దాచినచో, యంత్రము పదవవంతు మాత్రమే చదివిన చాలును. కాలము, అద్దె రెండును తగ్గును. ఒక ఊరి పిక్కలు బస్తాకు 22 కిలోల పప్పును, మరియొక ఊరివి 20.5 కిలోలను ఇచ్చినవనుకొందము. 1,000 బస్తాలకు 1,500 కిలోల తేడా వచ్చును. అయితే రెండవ ఊరి నేల మంచిది కాదని వెంటనే తీర్మానింపరాదు. ఆ పిక్కలు సరిగా ఎండక, తేమతో తూగియుండవచ్చును. తేమ లెక్కలను కూడ కలిపి చూచిన పిదపనే రైతుకు ధర కట్టుట న్యాయము.

అన్నిటికంటె కష్టమైనది రక్షణ. సమాచారమును గూఢలిపిలోనికి మార్చి, దాని తాళపుచెవిని వేరుగా ఉంచుదురు. ఎవరి పనికి కావలసినంత అనుమతి వారికే ఇత్తురు. ఎవరు ఎప్పుడు చూచిరో నమోదు చేయుదురు. 2019లో అమెరికాలోని క్యాపిటల్ వన్ బ్యాంకు ఖాతాదారులు, దరఖాస్తుదారులు సుమారు 10 కోట్ల మంది వివరములు ఒక రక్షణ సాధనపు అమరికలోని లోపమువలన అన్యుల పాలైనవి. క్లౌడ్ భవనమునకు కాపలా అద్దెకిచ్చువానిది. మన గది తలుపు వేయుట మన బాధ్యత.

ఉద్దానమున దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఎన్నో కుటుంబములను పీడించుచున్నది. దాని మూలకారణము ఇంకను పూర్తిగా తేలలేదు. కారణము తెలియనపుడు ఏ గడులు గీయవలెనో ముందుగా చెప్పజాలము. నీటి పరీక్షలు, ఎండలో పనిచేయు గంటలు, రక్తములోని క్రియాటినిన్ కొలతలు - అన్నిటిని చేర్చి చూచుటకు తటాకము తగినది. కాని ఆ కొలత పనియిచ్చు యజమాని కంటబడినచో రోగికి కూలి దొరకకపోవచ్చును.

పేరు తుడిచివేసిన చాలదా? చాలదు. ఇచ్ఛాపురం మండలములో సముద్రపుటొడ్డున గల డొంకూరు వంటి పల్లెను తలచుకొనుడు. ‘డొంకూరు, పురుషుడు, 58 ఏండ్లు, దర్జీ’ అని ఉన్నచో, ఆ మనిషి ఎవరో ఊరివారు పేరు లేకుండనే చెప్పగలరు. పుట్టిన తేదీ, స్త్రీ పురుష భేదము, తపాలా సంకేతము - ఈ మూడింటితోనే అమెరికా జనులలో నూటికి 87 మందిని గుర్తింపవచ్చునని లటానియా స్వీనీ 2000లో అంచనా వేసెను. కావున వయస్సునకు బదులు ‘50-60’ అనియు, ఊరికి బదులు మండలము అనియు వ్రాయుట మేలు. మన దేశమున 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, సమాచారమును ఏ పనికై సేకరించిరో ఆ పనికి అవసరమైనంత మేరకే వాడవలెనను సూత్రముపై ఆధారపడినది.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో ప్రయోగము చేసి చూపవచ్చును. పేర్లు లేకుండ పుట్టిన నెల, తోబుట్టువుల సంఖ్య, ఇంటి వీధి మాత్రమే చీటీలపై వ్రాయించి, ఒకే తీరు చీటీలు ఎన్ని వచ్చినవో లెక్కింపుడు. జతలేని ప్రతి చీటీయు ఒక విద్యార్థిని పట్టియిచ్చును. తరువాత వీధిని తొలగించి మరల లెక్కింపుడు. దాచవలసినది పేరొక్కటే కాదని పిల్లలే గ్రహింతురు.