రాగి గీత తెగితే బోర్డు మొత్తం పోయినట్టు కాదు

దాతలు అందజేసే కంప్యూటర్లు, ఇన్వర్టర్లు, ఎమర్జెన్సీ లైట్లలో కొన్ని "బోర్డు పోయింది" అన్న ఒక్క మాటతో పాత సామాను కొట్టుకు చేరిపోతుంటాయి. కొన్నిసార్లు అక్కడ పాడైంది బోర్డు మీది ఒక సన్నని రాగి గీత మాత్రమే. దాన్ని ఎలా బాగుచేస్తారో తెలిస్తే, ఏ వస్తువును మరమ్మతు చేయించాలో, దేన్ని వదిలేయాలో తేల్చుకోవచ్చు.

బోర్డులో వైర్ల పని చేసేవి ఫైబర్ గ్లాస్ పలకకు అతికి ఉండే రాగి గీతలు. మెకానిక్కులు వీటిని ట్రాక్‌లు అంటారు. సాధారణ బోర్డులో ఈ రాగి మందం సుమారు 35 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో దాదాపు ముప్పయ్యో వంతు. పైన కనిపించే ఆకుపచ్చ పొర దానికి రక్షణ పూత. సెల్ నుంచి కారిన రసాయనం తినేసినా, షార్ట్ సర్క్యూట్‌లో కాలినా, స్క్రూడ్రైవర్ జారి గీసుకున్నా ట్రాక్ తెగిపోతుంది.

మరమ్మతుకు ముందు ప్లగ్ తీసి, కెపాసిటర్లలో నిల్వ ఉన్న కరెంటును ఖాళీ చేయాలి. ఆల్కలైన్ సెల్ కారిన మరకను కొద్దిగా వెనిగర్‌తో తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేస్తారు. మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి ట్రాక్ రెండు కొసలూ తాకిస్తే, మోత రాకపోతే మధ్యలో తెగినట్టే. తెగిన చోటుకు అటూ ఇటూ ఆకుపచ్చ పూతను బ్లేడుతో మెల్లగా గీకి, రాగి మెరిసేలా చేయాలి. ఫ్లక్స్ రాసి, పలుచగా సోల్డర్ పూసి, దానిపై సన్నని రాగి తీగను పరిచి అతికించాలి. సోల్డర్ ఒక్కదానితోనే సందు పూడిస్తే కొన్నాళ్లకు మళ్లీ పగలవచ్చు. ఎక్కువసేపు వేడి తగిలితే మిగిలిన రాగి కూడా పలక నుంచి ఊడిపోతుంది. చివరగా మళ్లీ మీటరుతో చూసి, పైన ఇన్సులేషన్ పూత వేస్తారు. తీగ, సోల్డర్, ఫ్లక్స్ వంటివి హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

పేదవారి ఇంటికి వెళ్లే వస్తువే కదా అని పైపై మరమ్మతుతో సరిపెట్టకూడదు. ఎక్కువ కరెంటు ప్రవహించే ట్రాక్‌కు సన్నని తీగ వేస్తే అది వేడెక్కి మంటలకు దారితీయవచ్చు. కాలి బొగ్గైన పలక భాగం కరెంటును లీక్ చేస్తుంది కాబట్టి దాన్ని పూర్తిగా గీకేయాలి. ట్రాక్ ఎందుకు కాలిందో కనిపెట్టకుండా తీగ వేస్తే అదీ కాలుతుంది. ఎక్కువ పొరలున్న బోర్డులో లోపలి ట్రాక్ తెగితే బోర్డు మార్చడమే మంచిది. ఆక్సిజన్ కాన్సంట్రేటర్ వంటి వైద్య పరికరాలను కంపెనీ సర్వీసు సెంటరుకే పంపాలి.

దాతలు చేయగల సాయం ఒకటుంది. వాడని వస్తువుల్లోంచి సెల్స్ తీసి భద్రపరచండి. ఇచ్చేటప్పుడు అది ఎప్పుడు, ఎలా ఆగిపోయిందో ఒక చీటీ మీద రాసి అంటించండి. మెకానిక్‌కు లోపం వెతికే శ్రమ సగం తగ్గుతుంది.