ఆకాశంలో తూర్పార

కళ్లంలో తూర్పారబట్టేటప్పుడు గింజ దగ్గరే పడుతుంది, పొట్టు దూరం పోతుంది. తేలికైనదాన్ని గాలి బాగా పట్టుకుంటుంది గదా! ఈ కిటుకుతోనే అమెరికావారు 1961 ఫిబ్రవరిలో ఎక్స్‌ప్లోరర్-9 అనే 12 అడుగుల బెలూనును భూమి చుట్టూ తిప్పారు. దాని రేడియో ఆదిలోనే మూగబోయింది. అయినా బేకర్-నన్ కెమేరాలతో దాని జాడ పట్టారు. అటువంటి కెమేరా ఒకటి మన నైనితాల్‌లోనూ ఉండేది.

పైన గాలి మహా పలుచన. ఆ కాస్త రాపిడికే బెలూను దిగుతూ వచ్చింది. దిగినకొద్దీ చుట్టు త్వరగా ముగుస్తుంది. ఆ తేడానుబట్టి గాలి సాంద్రతను లెక్కగట్టారు. పైకి పోయినకొద్దీ సాంద్రత ఎంత త్వరగా తగ్గుతున్నదో చూస్తే వేడిమి కూడా తెలుస్తుంది.

సూర్యుడు రేగితే పైగాలి వేడెక్కి ఉబ్బుతుంది, రాపిడి హెచ్చుతుంది. 2022 ఫిబ్రవరిలో ఆ విధంగానే కొత్తగా ఎగిరిన 49 ఉపగ్రహాలలో 38 రాలిపోయాయి. తక్కువ ఎత్తున తిరుగుతూ పైర్లను ఫోటో తీసే ఉపగ్రహాలను మళ్లీ పైకి నెట్టటానికి ఎంత ఇంధనం ఉంచాలో ఈ లెక్కే చెబుతుంది.