ముందు సొరుగు లాగి చూడండి!

పందొమ్మిదేళ్లు నిండుతున్న కూతురికి తండ్రి ఏం కొనిస్తాడు? 1794 డిసెంబరులో ఇంగ్లండులో ఓ పల్లెటూరి చర్చి గురువు పన్నెండు షిల్లింగులు పెట్టి చిన్న మహాగని రాతపెట్టె కొన్నాడు. వాలుగా తెరుచుకునే మూత, ఓ పొడవాటి సొరుగు, గాజు సిరాబుడ్డి. అది కూతురు జేన్ పుట్టినరోజు కానుకేనంటారు. ఆ జేనే 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' రాసిన జేన్ ఆస్టిన్! 1798లో ఓ ప్రయాణంలో సత్రం దగ్గర ఆవిడ రాతపెట్టె పొరపాటున వేరే బండెక్కి, వెస్టిండీస్ ఓడ దారి పట్టింది. రెండు మూడు మైళ్లు పోకముందే మనిషిని తరిమి తెప్పించారు. ఆవిడ ఆస్తంతా, అంటే ఏడు పౌన్లు, అందులోనే ఉంది మరి. ఆ రాతపెట్టెని ఇప్పుడు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో దాచారు.

తమాషా ఏమిటంటే, వెస్టిండీస్ ఆ చెక్కకి పుట్టిల్లు. 1721లో బ్రిటిష్ పార్లమెంటు తన వలసల కలప మీద సుంకం ఎత్తేసింది. దాంతో జమైకా నుంచి మహాగని ఓడలకొద్దీ దిగింది. అంతవరకూ రాజ్యమేలిన అక్రోటు చెక్క వెనక్కి తగ్గింది. మహాగని పలకలు వెడల్పుగా వస్తాయి, పురుగు తొందరగా పట్టదు, ఉలికి చక్కగా లొంగుతుంది. కానీ జమైకాలో, ఇప్పటి బెలిజ్‌లో ఆ మాన్లు నరికింది ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. పాలిష్ మెరుపులో ఆ సంగతి కనిపించదు.

ఇంగ్లండులో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు పాత సామాన్ల దుకాణంలో ఇలాంటి బల్ల మీ కంటపడవచ్చు. వాలుమూత ఉన్నదాన్ని 'బ్యూరో' అంటారు. కింద రెండు కర్రలు బయటికి లాగి, మూత దించి వాటిమీద ఆనిస్తే అదే రాతబల్ల. లోపల ఉత్తరాల అరలు. వాటి మధ్య చిన్న స్తంభాల్లాంటివి ఉంటే మెల్లగా లాగి చూడండి. కొన్నిట్లో అవి రహస్యపు అరలు! అత్తగారి కంటపడకుండా ఉత్తరం దాచుకోవాల్సిన అవసరం అక్కడి కోడళ్లకీ ఉండేదేమో.

పైమెరుపు చూసి మురిసిపోకండి. సొరుగు పూర్తిగా బయటికి లాగండి. మూలల్లో వేళ్లలో వేళ్లు జొనిపినట్టుండే అతుకు కనిపిస్తుంది. చేత్తో కోసిందైతే ఆ వేళ్లన్నీ ఒక్కలా ఉండవు. మంచి పనివాళ్లు సొరుగు పక్కలకి తరచుగా ఓక్ చెక్క వాడేవారు. లోపలివైపు పూడ్చిన పాత కన్నాలుంటే పిడులు మార్చారన్నమాట. ఇత్తడి పిడి వెనక చెక్క ముదురు రంగులో ఉంటే మంచి గుర్తు, ఎండ తగలని చోటు కదా! వెనక పలక మీద వంపు తిరిగిన రంపం గీతలుంటే అది గుండ్రటి మరరంపం పని, 19వ శతాబ్దానిదో ఆ తర్వాతిదో. మొనతేలిన మరలు కూడా ఆ శతాబ్దం మధ్యనుంచే వచ్చాయి. అయితే మర మారిస్తే బల్ల కొత్తదైపోదు, అన్నీ కలిపి చూడాలి.

అన్నట్టు, ఒక బ్యూరో మీద మరో చోటి పుస్తకాల బీరువా తెచ్చి కూర్చోబెడితే ఆ వ్యాపారంలో 'మ్యారేజ్' అంటారు. పై చెక్క గీతలు, రంగు కిందివాటితో కలవకపోతే అది ఎవరో కుదిర్చిన పెళ్లే! ధర కూడా దానికి తగ్గట్టే తగ్గాలి.

మన విశాఖపట్నం వడ్రంగులు కూడా 18వ శతాబ్దంలో తెల్లదొరల కోసం ఇంగ్లీషు నమూనాలో బ్యూరోలు, రాతపెట్టెలు చేశారు. అయితే వాటి అందం మహాగనిది కాదు, దంతపు పొదుగుడుది. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆ విశాఖ పనితనం చూడొచ్చు.

2000 తర్వాత ఇంగ్లండులో ఈ ముదురు గోధుమరంగు సామాన్ల ధరలు బాగా పడిపోయాయి. మామూలు బ్యూరో అందుబాటులోకి వచ్చింది. కొంటే మాత్రం గీకించి కొత్త వార్నిష్ కొట్టించకండి, దాని విలువంతా ఆ పాత పైపూతలోనే ఉంది. మెత్తటి గుడ్డ, కాస్త తేనెమైనం చాలు. సిరా మరకల్ని అలాగే ఉండనివ్వండి.