దండీలు, బస్కీలు మాత్రమే చాలునా?

శరీర దారుఢ్యానికి ఇనుప గుండ్లు, ఖరీదైన యంత్రాలు తప్పనిసరి అన్న అభిప్రాయం మనలో చాలామందికి ఉన్నది. తిల్దా వంటి చిన్న పట్టణంలో, షిఫ్టులలో పనిచేసే ఉద్యోగికి ఈ అభిప్రాయమే వ్యాయామానికి అడ్డంకి అవుతున్నది. నిజానికి మన దేహపు బరువే మనకు చాలినంత సాధనం.

ఇది తెలుగువారికి కొత్త సంగతి కాదు. రాయపూర్ నుండి నేరుగా రైలుమార్గమున్న విజయనగరం, ‘కలియుగ భీముడు’ కోడి రామమూర్తి నాయుడు పెరిగి, వ్యాయామ శిక్షకులుగా పనిచేసిన ఊరు. నాటి తాలింఖానాలలో దండీలు, బస్కీలే సాధనకు పునాది.

అయితే పునాది ఒక్కటే ఇల్లు కాదు. దండీలు రొమ్మును, భుజాలను, బస్కీలు తొడలను బలపరుస్తాయి. వీపుకు, పిడికిలి పట్టుకు వీటివల్ల కలిగే మేలు స్వల్పం. ఆ లోటును పూరించేది మల్లఖంబం. మన ఛత్తీస్‌గఢ్‌లోని అబూజ్‌మాడ్ మల్లఖంబ బృందం 2023లో ‘ఇండియాస్ గాట్ టాలెంట్’ టెలివిజన్ పోటీలో విజేతగా నిలిచింది. వారి సాధనాలు ప్రధానంగా ఒక కొయ్య స్తంభం, తమ దేహం!

కావున నెట్టుట, లాగుట, కూర్చుని లేచుట, నడుమును నిలుపుట అనే నాలుగు విధాల కదలికలూ సాధనలో ఉండాలి. మొదట గోడను, పిదప బల్ల అంచును, చివరకు నేలను ఆధారంగా చేసుకుని దండీలు తీయవచ్చు. గట్టి కడ్డీని పట్టుకుని వేలాడటం లాగుటకు తొలిమెట్టు. కుర్చీ నుండి చేతుల ఆసరా లేకుండా లేవడం బస్కీలకు నాంది. మోచేతులపై, మునివేళ్లపై దేహాన్ని తిన్నగా నిలిపితే నడుము గట్టిపడుతుంది. ఒకే కదలికను వందలసార్లు చేసేకంటే, సులువైనప్పుడు దానిని నెమ్మదిగా, మరింత కష్టమైన రీతిలో చేయడం మేలు. ఊపిరి మాత్రం బిగబట్టరాదు.

కండరాల శక్తి నడివయస్సు నుండి క్రమంగా తగ్గుతుంది. వృద్ధాప్యంలో పడిపోవడానికి, పరాధీనతకు ఇదొక ముఖ్యకారణం. పెద్దలందరూ వారానికి కనీసం 2 రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం చేయాలని, 65 ఏళ్లు దాటినవారు 3 రోజులు బలంతోపాటు శరీర సమతౌల్యాన్నీ సాధన చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. గుండెజబ్బు, రక్తపోటు, మోకాళ్ల నొప్పి ఉన్నవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి.

పదవీ విరమణ నాటికి భవిష్యనిధి వలెనే దేహబలం కూడా కొంత నిలువ ఉండాలి. దానికి నెలనెలా కాదు, వారంవారం జమ చేయవలసి ఉంటుంది. కుటుంబసభ్యులంతా కలిసి ఈ వారమే ఆరంభించండి.