హిమవంతుని పొలిమేర రాళ్లు

రెండు గ్రామములకు పొలిమేర తగవు వచ్చినప్పుడు పెద్దలు మొట్టమొదట వెదకునది సరిహద్దు రాయి. రాయి దొరికినంతమాత్రమున తగవు తీరదు. దానిని ఎవరు, ఏ యేట పాతిరో చెప్పగల దస్తరమును కావలెను. తారీఖు తెలియని రాయి, సాక్ష్యమునకు వచ్చియు నోరు విప్పని సాక్షివంటిది. హిమాలయములలోని హిమనదుల విషయమును సరిగా నిట్లే యున్నది. అవి పూర్వ మెంతదూరము దిగివచ్చినవో, ఎప్పుడు వెనుకకు మరలినవో తెలియనిదే, నేటి వాని తగ్గుదల పూర్వమును జరిగినట్టిదియా, లేక క్రొత్త యుపద్రవమా యని నిర్ణయించుట సాధ్యము గాదు.

ఇది పండితుల వినోదమునకు జేరిన ప్రశ్న యని తలచువారు పొరబడుదురు. మన కృష్ణా గోదావరులు వానను నమ్ముకొన్న నదులు. గంగ యట్లు గాదు. భాగీరథి గోముఖమున మంచుగుహనుండియే వెలువడుచున్నది. మైదానమునకు దిగినపిదప గంగలోను వాననీరే యధికము. కాని యెగువలోయలలో వేసవినాళ్ల నీటికి మంచే యాధారము. ఆ మంచు నిలువ యెంత, తరుగుదల యెంత యని లెక్క చూచుకొనని దేశము, గాదెలోని ధాన్యమును కొలువక తినుచున్న గృహస్థునివంటిది.

హిమనది రాతిని ముక్కలుచేసి, తన వీపుపైనను గర్భమునందును మోసికొనివచ్చి, తా నాగినచోట గుట్టగా పోసివిడుచును. తాను వెనుకకు పోయినను ఆ రాళ్లకట్ట యచటనే యుండును. దీనినే పాశ్చాత్యులు మొరేను అందురు. ఇట్టి కట్టలకును హిమనదులకును గల సంబంధమును స్విట్జర్లండులోని కొండవాండ్రు పండితులకంటె ముందుగానే గ్రహించిరి. బాఞ్ లోయకు చెందిన పెరోదాన్ అను వేటగాడు, ఒకప్పుడు తమ లోయ యంతయు మంచుతో నిండియుండెననియు, ఎచటనుండియో వచ్చిపడిన పెద్దబండలను ఆ మంచే మోసికొనివచ్చెననియు 1815లో షార్పాంటియే యను గనులశాస్త్రజ్ఞునికి జెప్పెను. షార్పాంటియే నాడు నమ్మలేదు. 1818లో అదేలోయలో జియెట్రో హిమనదినుండి పడిన మంచు ఏటి కడ్డుకట్టయై, పెనుచెరువు నిలిచెను. వెనెట్జ్ అను ఇంజనీరు సొరంగము త్రవ్వించి కొంతనీటిని వెడలించెను. అయినను జూన్ 16వ తేదీన కట్ట తెగి, దాదాపు 40 మంది మరణించిరి. పిమ్మట వెనెట్జ్ హిమనదుల ప్రాచీన విస్తారమును పరిశోధించి, ఆ వేటగాని మాటయే నిజమని నిశ్చయించెను, షార్పాంటియేను ఒప్పించెను. 1837లో లూయీ అగస్సీ నూషాటెల్ నగరమున పండితసభయెదుట హిమయుగ సిద్ధాంతమును ప్రకటించెను.

రాయి దొరికెను, తారీఖు మాత్రము దొరకలేదు. పెంక్, బ్రూక్నర్ అను పండితులు ఆల్ప్సు పర్వతముల చుట్టునుగల కట్టలను, కంకరమెట్టలను శోధించి, 1909 నాటికి ముగిసిన తమ గ్రంథమున నాలుగు హిమయుగములను నిర్ణయించిరి. వానికి దక్షిణజర్మనీలోని యేరుల పేళ్లను బట్టి గుంజ్, మిండెల్, రిస్, వుర్మ్ అని పేళ్లిడిరి. ఏది ముందు, ఏది వెనుక యనుట దీనివలన తెలిసెను గాని, ఎన్నివేల యేండ్ల క్రింద ననుట తెలియలేదు. అంతటితో నాగక ఈ నాలుగింటి లెక్క లోకమునకంతకు కొలబద్దయయ్యెను. డి టెర్రా, పేటర్సన్ అనువారు కాశ్మీరమున పరిశోధించి 1939లో ప్రకటించిన గ్రంథమునందు, అచటి మంచుగురుతులనుగూడ నాలుగుగా విభజించి ఆల్ప్సుతో జతపరచిరి. వారి శ్రమ గొప్పదే. కాని యొక యూరి దస్తరముతో వేరొక యూరి పొలమును కొలిచిన నేమగునో, ఇచటను అదియే యయ్యెను.

ఇరువదవ శతాబ్ది యుత్తరార్ధమున రాళ్లకు నోరు వచ్చెను. 1949లో లిబ్బీ యను రసాయనజ్ఞుడు కర్బనముచే కాలము కొలుచు పద్ధతిని కనిపెట్టెను. చచ్చిన చెట్టులోని ఒకజాతి కర్బనము 5,730 ఏండ్లకు సగమగుచు తరిగిపోవును. మిగిలినదానిని కొలిచిన ఆ చెట్టెప్పుడు చచ్చెనో తెలియును. కాని హిమనదుల చెంత కొయ్య దొరకుట యరుదు. అదియుగాక 50,000 ఏండ్లకు మించిన కాలమును ఈ పద్ధతి చెప్పజాలదు.

రెండవ పద్ధతి యిసుకరేణువులది. మట్టిలో పూడిన రేణువు, చుట్టునున్న మట్టియందలి కిరణశక్తిని కొంచెము కొంచెముగా కూడబెట్టుకొనును. ఎండ తగిలిన ఆ నిలువ చెల్లిపోవును. చీకటిగదిలో దానిపై వెలుతురు ప్రసరింపజేసినచో కూడబెట్టినదానిని వెలుగురూపమున వెలిగ్రక్కును. ఆ వెలుగును కొలిచినచో, రేణువు కడసారి యెండను చూచి యెన్నియేండ్లయ్యెనో లెక్కకు వచ్చును.

మూడవదానియందు భారతీయుని హస్తము ప్రధానముగా గలదు. ఆకాశమునుండి యెడతెగక పడుచున్న విశ్వకిరణములు, బండ పైపొరయందలి చెకుముకిరాతిలోని ప్రాణవాయువు పరమాణువులను తాకి, బెరీలియము 10 అను పదార్థమును పుట్టించును. సముద్రమట్టమున ఒక గ్రాము రాతిలో ఏడాదికి పుట్టునవి నాలుగు పరమాణువులు మాత్రమే. ఎత్తైన కొండలపై అంతకు పలురెట్లు. ఇది సగము తరుగుటకు దాదాపు 14 లక్షల ఏండ్లు పట్టును గనుక పుట్టినది నిలిచియుండును. హిమనది కొండగర్భమునుండి పెకలించి తెచ్చిన బండను కట్టపై విడిచిననాడే ఈ గడియారము నడక మొదలగును. వారణాసిలో 1929లో జన్మించి, బొంబాయిలోని టాటా పరిశోధనాలయమున విశ్వకిరణములను పరిశోధించి, తరువాత అహమ్మదాబాదులోని భౌతిక పరిశోధనాలయమునకు అధ్యక్షుడైన దేవేంద్ర లాల్, ఏ యెత్తున, ఏ యక్షాంశమున నీపదార్థ మెంత పుట్టునో లెక్కకట్టి 1991లో ప్రకటించెను. నేడు లోకమందలి ఏ కొండబండ వయస్సును ఈ పద్ధతిని లెక్కింపబోయినను ఆతని లెక్కను తలచుకొనకతప్పదు.

ఈ క్రొత్త కొలతలు హిమాలయమును గూర్చి యేమి చెప్పినవి? 1996లో మిలాప్ శర్మ, లూయిస్ ఓవెన్ అనువారు గఢ్వాలు మండలమున ఇసుకరేణువుల పద్ధతిని ప్రయోగించిరి. ఒకప్పుడు గంగోత్రి హిమనది, నేడు గోముఖమునకు 18 కిలోమీటర్ల దిగువనున్న గంగోత్రి యాలయస్థలమును దాటి, హర్షిల్ లోయను నింపి, ఝాలా గ్రామము దనుక వ్యాపించియుండెను. ఆ విజృంభణకాలము సుమారు 63,000 ఏండ్ల క్రిందటిదని తేలెను. పిదప సుమారు 5,000 ఏండ్ల క్రిందట నొకసారి, రెండు మూడు వందల ఏండ్ల క్రిందట మరియొకసారి అది కొలదిగా ముందుకు వచ్చెను.

ఇందు గమనింపదగిన విశేషము గలదు. లోకమున మహాహిమపటలములు మిక్కిలి పెరిగినది 26,500 మొదలు 19,000 ఏండ్ల క్రిందటి నడుమ. ఆల్ప్సు హిమనదులును ఆ కాలముననే మిక్కిలి క్రిందికి దిగెను. గంగోత్రి యట్లు చేయలేదు. దాని మహావిస్తారము అంతకు చాలముందే ముగిసెను. దీనికి పెక్కురు చెప్పు కారణ మిది: మధ్యహిమాలయమున మంచు పేరుటకు చలి యొక్కటి చాలదు, నైరృతి ఋతుపవనము తెచ్చు తేమయు కావలెను. చలి ముదిరిన ఆ కాలమున ఋతుపవనము సన్నగిల్లినందున కురియవలసిన మంచు కురియలేదు. ఈ విషయమున చర్చ యింకను ముగియలేదు గాని, హిమాలయమునకు తన పంచాంగము తనకు గలదనుట మాత్రము స్పష్టము.

ఈ తారీఖులను అంధముగా నమ్ముటయు తగదు. కట్టలో పూడియుండి ఆలస్యముగా బయటపడిన బండ తన వయస్సును తక్కువగా చెప్పును. హిమనదిపై పడకముందే కొండకొమ్మున చిరకాలము ఎండకాచిన బండ ఎక్కువగా చెప్పును. అందుచే ఒకకట్టపై పెక్కుబండలను పరీక్షించి, వాని సాక్ష్యములను పోల్చుట విధి.

తొందరపాటు తారీఖు కలిగించు నష్టమునకు నిదర్శనము వెదక నక్కరలేదు. హిమాలయ హిమనదులు 2035 నాటికి మాయమగునని అంతర్జాతీయ వాతావరణ పండితసంఘము 2007లో తన నివేదికయందు వ్రాసెను. ఆ మాటకు తగిన యాధారము లేదని తేలగా, 2010 జనవరిలో విచారము ప్రకటించి వెనుకకు తీసికొనెను. దానివలన లాభపడినవారు, అసలు ప్రమాదమే లేదని వాదించువారు. నిజమేమన: 1935లో మన భూగర్భశాఖకు చెందిన ఆడెన్ గంగోత్రి ముఖమును పటమున గుర్తించెను. నాటినుండి 1996 వరకు అది 1,147 మీటర్లు, అనగా ఏటికి సుమారు 19 మీటర్లు, వెనుకకు పోయెను. హిందూకుష్ హిమాలయ ప్రాంతమున 2011 మొదలు 2020 వరకు జరిగిన మంచు నష్టము, అంతకు ముందటి దశాబ్దముకంటె నూటికి 65 వంతులు వేగముగా జరిగినదని కాఠ్మాండులోని సంస్థ 2023లో తెలిపెను. 2035 అనుట తప్పు. తరుగుదల తప్పు గాదు.

పూర్వపు కట్టలు నేటికిని నిరపాయములు గావు. 2013 జూన్‌లో కేదారనాథమునకు ఎగువను చోరాబారీ హిమనది విడిచిన రాళ్లకట్ట అతివృష్టికి తెగి, దానివెనుకనున్న సరస్సు ఒక్కసారిగా విరుచుకుపడెను. ఆ సంవత్సరపు వరదలలో వేలకొలది జనులు నశించిరి. చిక్కువడిన యాత్రికులలో ఆంధ్రదేశీయులును పెక్కురుండిరి. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రము ఉపగ్రహ చిత్రములనుబట్టి సింధు, గంగా, బ్రహ్మపుత్రల పరీవాహములందలి హిమసరస్సులను పటములకెక్కించినది. అది శ్లాఘనీయమైన కృషి. కాని యుపగ్రహము నేటి సరస్సును చూపగలదే గాని, దానిని నిలిపిన కట్ట యెన్నటిదో చెప్పజాలదు. అది చెప్పవలసినవారు సుత్తియు ఉలియు పట్టుకొని కొండయెక్కువారే.

హిమాలయమున వేలకొలది హిమనదులు గలవు. వానిలో ప్రాచీనచరిత్ర కొలువబడినవి కొలదిపాటివే. ఒక ఆనకట్ట ఖర్చులో స్వల్పభాగముతో ఈ దస్తరమును పూర్తిచేయవచ్చును. ఆనకట్టకు ముందే యది పూర్తియగుట మేలు. నీటి రాబడిని ఎరుగకయే కాలువ త్రవ్వు రైతు మన పల్లెలలో ఎచటను లేడు.