ఇంజను హోరెత్తినను కారు కదలదేల?

కనుమదారి నెక్కుచున్న కారు అడుగున హఠాత్తుగా శబ్దము పుట్టి, యాక్సిలరేటరు నెంత నొక్కినను ఇంజను హోరు మాత్రమే హెచ్చి వేగము మందగించినచో, లోపము ఇంజనులో గాక దాని శక్తిని చక్రములకు జేర్చు మార్గమున నున్నదని తొలుత ఊహింపవలెను. మాడు వాసన వచ్చినచో క్లచ్ పలక జారుచుండవచ్చును. వాసన లేక, మలుపులలో టకటక వినవచ్చినచో, బండి నాపి, ముందుచక్రము వెనుకకు తొంగిచూడుడు: అచ్చట మడతలు మడతలుగా నుండు నల్లని రబ్బరు తొడుగు చినిగి, చక్రపు లోపలి అంచున గ్రీజు చిమ్మియుండును. గ్రీజు పోయి దుమ్ము చేరగా, ఆ తొడుగు లోపల ఇరుసును చక్రముతో కలుపు కీలులోని ఉక్కుగుండ్లు ఒరసికొని అరిగి, తుదకు ఆ కీలే విరిగిపోవచ్చును.

ఒక ప్రక్క విరిగినచో రెండవ చక్రమైనను బండిని లాగదా? ఇదియే నాకు మిక్కిలి ఇష్టమైన ప్రశ్న. మలుపులో వెలుపలి చక్రము ఎక్కువ దూరము పోవలసియుండుటచే, రెండును వేర్వేరు వేగములతో తిరుగునట్లు డిఫరెన్షియల్ అను పళ్లచక్రముల అమరిక చేయబడినది. సాధారణమైన డిఫరెన్షియల్ ఇరువైపులకును ఇంచుమించు సమానమైన మెలిబలమునే ఈయగలదు గావున, విరిగిన వైపున నిరోధమే లేనప్పుడు రెండవ వైపునకును దక్కునది దాదాపు శూన్యమే. అట్టి కారు గేరులో నుంచినంతమాత్రమున వాలుపై నిలువదు. హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రముల క్రింద రాళ్లు పెట్టి, మెకానిక్కును పిలువవలెను.