పిల్లలు ఫోన్లో చేసే ‘బొమ్మల ప్రేమ వీడియో’ ఏమిటి? తిట్టే ముందు ఒకసారి పక్కన కూర్చోండి

పోయిన నెల చిత్తూరు నుంచి మా ఖాలా ఫోన్ చేసింది. "పిల్లోళ్లు బొమ్మలు చూస్తే చూసుకోనీలే అనుకుంటి బేటా. ఈ బొమ్మలేమో లవ్వులు చేసుకుంటా ఉండాయి. ఇషా నమాజ్ అయినప్పట్నుంచి మీ చెల్లెలికి అదే పని. నువ్వొచ్చి ఏందో చూడు" అంది.

ఆదివారం తిరుపతి నుంచి వెళ్లాను. తీరా చూస్తే చెల్లెలు ఊరికే చూడట్లేదు, తయారు చేస్తోంది. డిగ్రీ మొదటి సంవత్సరం చదివే పిల్ల, ఫోన్లోనే ఒక జపాన్ సినిమాను ముక్కలు చేసి, ఒక తెలుగు పాటకు తగ్గట్టు మళ్లీ కుడుతోంది.

ఏమిటీ ఏఎంవీ?

జపాన్‌లో తయారయ్యే బొమ్మల సినిమాలను, సీరియళ్లను యానిమే అంటారు. వాటిలోని దృశ్యాలను తీసుకుని, వేరే పాటకు కలిపి అభిమానులు చేసే వీడియోనే యానిమే మ్యూజిక్ వీడియో. పొట్టిగా ఏఎంవీ. వాట్సాప్ స్టేటస్‌లో, రీల్స్‌లో తెలుగు మెలోడీకి జపాన్ బొమ్మలు కదలడం మీరూ చూసే ఉంటారు. ఇప్పుడు క్రంచీరోల్ లాంటి ఓటీటీల్లో కొన్ని యానిమేలు తెలుగు డబ్బింగ్‌తోనే వస్తున్నాయి కాబట్టి మన పిల్లలకు ఇది దూరపు సంగతి కాదు.

ఈ అలవాటు కొత్తదీ కాదు. 1982లో అమెరికాలో జిమ్ కపోస్టాస్ అనే యువకుడు రెండు వీసీఆర్‌లను కలిపి, ‘స్పేస్ బ్యాటిల్‌షిప్ యమటో’ యుద్ధ దృశ్యాలకు బీటిల్స్ వాళ్ల ప్రేమ పాట పెట్టాడు. మొదటి ఏఎంవీగా దాన్నే చెబుతారు. అప్పుడు రెండు వీసీఆర్‌లు కావాల్సిన పనికి ఇప్పుడు ఒక ఫోన్ చాలు.

పాట ముందు, బొమ్మ తర్వాత

చెల్లెలు తీసుకున్న సినిమా ‘ఎ సైలెంట్ వాయిస్’. 2016లో వచ్చింది, దర్శకురాలు నవోకో యమాడా. బడిలో చెవులు వినపడని షోకో అనే అమ్మాయిని షోయా అనే పిల్లాడు ఏడిపిస్తాడు, ఆమె చెవి మిషన్లు పాడుచేస్తాడు. కొన్నేళ్ల తర్వాత సంజ్ఞల భాష నేర్చుకుని, క్షమాపణ అడగడానికి ఆమె దగ్గరికి వెళతాడు. ప్రేమ కథ అంటే మా ఖాలా ఊహించుకున్నది వేరు, ఇక్కడున్నది వేరు.

ఇలాంటి వీడియోకు ముందు పాట ఖాయం చేసుకోవాలి. పాటలో ఎక్కడ నెమ్మది, ఎక్కడ ఊపు, ఎక్కడ నిశ్శబ్దం అని కాగితం మీద రాసుకోవాలి. తర్వాత ఆ చోట్లకు సరిపడే దృశ్యాలు వెతకాలి. పల్లవిలో ఇద్దరి పరిచయం, చరణంలో దూరం, చివర్లో మళ్లీ కలవడం. ఈ వరుస లేకపోతే ఎంత మంచి బొమ్మలు పెట్టినా కథ కాదు, ఆల్బమ్ అవుతుంది.

ఇంకో జాగ్రత్త. పాత్రలు మాట్లాడుతున్న ముక్కలు వీలైనంత వరకు వద్దు. పెదాలు ఒకటి అంటుంటే పాట ఇంకొకటి అంటుంది. అందుకే కళ్లు, చేతులు, వాన, వంతెన, రైలు కిటికీ లాంటివే ఏరుకుంటారు.

లెక్కంతా ఫ్రేముల్లోనే

కామర్స్ చదివిన నాకు బాగా నచ్చిన భాగం ఇదే. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. పాటలో నిమిషానికి 90 దెబ్బలు పడుతుంటే ఒక్కో దెబ్బకు 16 ఫ్రేములు. ప్రేమ పాటలో ప్రతి దెబ్బకూ బొమ్మ మారిస్తే కళ్లు తిరుగుతాయి. నాలుగు దెబ్బలకు ఒకసారి, అంటే 64 ఫ్రేములకు ఒకసారి మారిస్తే నిదానంగా ఉంటుంది. ఆ లెక్కన ఒకటిన్నర నిమిషం వీడియోకు సుమారు 34 ముక్కలు కావాలి. రెండు గంటలు దాటిన సినిమాలోంచి ఆ 34 ఏరడానికే రాత్రిళ్లు గడిచిపోయేది.

కత్తిరించేటప్పుడు పక్క దృశ్యం తాలూకు ఒక్క ఫ్రేము మిగిలిపోయినా తెర మీద చటుక్కున మెరుస్తుంది, చూసేవాళ్లకు తెలిసిపోతుంది. ఫోన్లో అయితే కైన్‌మాస్టర్, ఇన్‌షాట్, అలైట్ మోషన్ లాంటి యాప్‌లు వాడతారు. కంప్యూటర్ ఉంటే డావిన్చీ రిజాల్వ్ ఉచితంగానే దొరుకుతుంది.

డబ్బులొస్తాయా? కేసులవుతాయా?

ఇక్కడ పిల్లలకు స్పష్టంగా చెప్పాలి. సినిమా హక్కులు ఒకరివి, పాట హక్కులు మరొకరివి. మన 1957 కాపీరైట్ చట్టంలో సొంత వాడకానికి, విమర్శకు, సమీక్షకు కొన్ని మినహాయింపులు ఉన్నాయి. కానీ ఇంట్లో నేర్చుకోవడానికి చేసుకోవడం వేరు, అందరికీ కనపడేలా పెట్టడం వేరు. వీడియో కింద ‘క్రెడిట్ ఓనర్‌కే’ అని రాసినంత మాత్రాన అనుమతి దొరికినట్టు కాదు.

యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ అనే ఏర్పాటు ఉంది. ఎక్కించిన వీడియోలోని పాటను, దృశ్యాన్ని అది పోల్చి చూస్తుంది. కలిస్తే హక్కుదారు ఆ వీడియోను ఆపేయొచ్చు, లేదా ప్రకటనల ఆదాయం తాను తీసుకోవచ్చు. హక్కుదారు ఫిర్యాదు చేసి వీడియో తీయిస్తే కాపీరైట్ స్ట్రైక్ పడుతుంది. 90 రోజుల్లో మూడు స్ట్రైక్‌లు పడితే ఛానలే పోవచ్చు. కాబట్టి వీటితో సంపాదన అనే ఆశ వద్దు. మిగిలేది పనితనం. అదే చేతితో రేపు నికాహ్ వీడియో, వలీమా వీడియో, దుకాణం ప్రకటన ఎడిట్ చేస్తే మాత్రం ఆ డబ్బు హలాల్‌గా సొంతం.

ఇంట్లో మాట్లాడుకోవాల్సినవి

సంగీతం విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదాలు ఉన్నాయి. ఏ ఇంటి పద్ధతి ఆ ఇంటిది. వాయిద్యాలు వద్దనుకునే ఇళ్లలో గొంతుతో మాత్రమే పాడిన నషీద్‌కు ఇదే పని నేర్చుకోవచ్చు, లెక్క మారదు.

యానిమే అంతా చిన్నపిల్లల బొమ్మలు కాదు. పెద్దలకు మాత్రమే అని తీసినవీ ఉన్నాయి. ఏ సినిమా, ఏ వయసువారికి అని ముందే చూడండి. దొంగ సైట్ల నుంచి దించుకుంటే సినిమాతో పాటు వైరస్ కూడా ఫోన్లోకి రావచ్చు. అన్నిటికన్నా ముఖ్యం: బొమ్మల స్థానంలో క్లాస్‌లోని అమ్మాయి ఫొటో, అబ్బాయి ఫొటో అడక్కుండా పెట్టడం సరదా కాదు. ఒకరి ఇజ్జత్‌తో ఆట. ఈ మాట మగపిల్లలకు ఇంకొంచెం గట్టిగా చెప్పాలి.

ఆ రోజు ఖాలాను కూడా పక్కన కూర్చోబెట్టాం. సినిమాలో షోకో తన గొంతుతోనే షోయాకు ‘ఇష్టం’ అని చెబుతుంది. జపాన్ భాషలో అది ‘సుకి’. ఆమె పలుకు సరిగా తెలియక అతను ‘త్సుకి’, అంటే చందమామ అనుకుంటాడు. చెల్లెలు సరిగ్గా అక్కడ పాట ఆపేసి, ఆ అమ్మాయి గొంతు మాత్రం ఉంచింది.

ఖాలా కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "పాపం, చెప్పినా వాడికి అర్థం కాలేదా?" అని అడిగింది. ఆ సాయంత్రమే ఒప్పందం కుదిరింది. రాత్రి పదికల్లా ఫోన్ అమ్మీ చేతికి. ఫజర్ తప్పకూడదు. వీడియో పూర్తయితే మొదట చూసేది అమ్మీనే.